గుండె మార్పిడి లిస్టులో పేరు ఎక్కాలంటే బరువు తగ్గాలన్నరు. 20 శాతం ఈఎఫ్‌తో (గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం శాతం) కడుపును చిన్నగ చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించవచ్చా?

కరీంనగర్ అక్క

అందరికీ నమస్కారం. మా తమ్మునికి 44 ఏండ్లు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. డైలేటెడ్ కార్డియోమయోపతి, అంటే గుండె ఉబ్బి బలహీనమైంది. ఈఎఫ్ 20 శాతం, గుండె అదిరితే షాక్ ఇచ్చే ఏఐసీడీ మిషన్ పెట్టిన్రు. షుగర్ ఉంది, గురక జబ్బుకు (స్లీప్ ఆప్నియా) రాత్రి సీపాప్ గాలి మిషన్ వాడుతున్నడు. మందులు: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, మెటోప్రొలాల్ సక్సినేట్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్, టార్సెమైడ్, అమియోడరోన్, గ్లిమిపిరైడ్. గుండెల రక్తపు గడ్డ కనపడ్డదని రక్తం పల్చన చేసే వార్ఫరిన్ కూడా వేసిన్రు.

హైదరాబాద్ల ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ వాళ్లు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 35కు దిగినంకనే అవయవదానం లిస్టు జీవన్‌దాన్‌ల పేరు నమోదు చేస్తమంటున్నరు. నడిస్తే ఆయాసం, వ్యాయామంతోని తగ్గే పరిస్థితి లేదు. స్లీవ్ ఆపరేషన్ గురించి ఆలోచించమన్నరు. ఇంత బలహీనమైన గుండె మత్తును తట్టుకుంటదా? ఏ రకం ఆపరేషన్, ఎక్కడ చేయించాలె, తర్వాత ఎక్కడ బెడిసికొడుతది? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

ట్రాన్స్‌ప్లాంట్ నర్స్, హ్యూస్టన్

అక్కా, ముందు ఆ 35 సంగతి. గుండె మార్పిడి నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఎస్‌హెచ్‌ఎల్‌టీ 2006లో ఆ గీతను 30 దగ్గర గీసింది, 2016లో 35కి జరిపింది. 35 దాటినవాళ్లలో మార్పిడి తర్వాత రొమ్ము ఎముక కోసిన గాయం మానడం కష్టమవుతుంది, ఇన్ఫెక్షన్లు ఎక్కువ, కొత్త గుండె మొదటి రోజుల్లో సరిగా అందుకోకపోవడం కూడా ఎక్కువ. పైగా మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లు బరువునీ షుగర్‌నీ ఇంకా పెంచుతాయి. మరో చిక్కు సైజు. దాత గుండె కండ ఎంత ఉండొచ్చో వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నవాటిని బట్టి లెక్కగట్టి, తీసుకునేవాళ్ల లెక్కతో పోలుస్తారు. భారీ మనిషికి సరిపోయే గుండె దొరకడానికి ఎక్కువ కాలం పడుతుంది.

ఇప్పుడు మీ తమ్ముడి లెక్క. 168 సెంటీమీటర్లకు 118 కిలోలంటే బీఎంఐ 41.8. 35కి రావాలంటే 98.8 కిలోలు, అంటే 19 కిలోల పైచిలుకు తగ్గాలి. అయితే ఆ 118లో నీరెంత? గుండె ఫెయిల్యూర్‌లో కాళ్లలోనూ పొట్టలోనూ అయిదారు కిలోల నీరు కనపడకుండా దాక్కుంటుంది. అడ్మిట్ చేసి, నరానికి నీరు తీసే లాసిక్స్ ఇచ్చి, మెడ నరాల ఉబ్బు దిగాక తూచిన బరువే అసలు బరువు. దాన్ని పొడి బరువు అంటాం. ఆరు కిలోల నీరు పోతే 112, బీఎంఐ 39.7. ఆ అంకెతోనే ప్లాన్ మొదలుపెట్టమనండి.

రెండోది, కుడివైపు గుండె క్యాథెటర్ పరీక్ష. ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం 3 వుడ్ యూనిట్లు దాటితే, మందు ఇచ్చి అది దిగుతుందా అని చూస్తారు. దిగకపోతే బరువు 90కి వచ్చినా మార్పిడి కుదరదు, కొత్త గుండె కుడిభాగం ఆ ఒత్తిడికి ఆగిపోతుంది. స్థూలకాయం, గురక జబ్బు రెండూ ఆ ఒత్తిడిని పెంచేవే. అందుకే సీపాప్ ఒక్క రాత్రి కూడా మానకూడదు. ఈ పరీక్ష చేయకుండా స్లీవ్ తేదీ ఇచ్చేవాళ్ల దగ్గరకు వెళ్లొద్దు.

ఆ పరీక్షను బట్టి దారులు చీలతాయి. మందులతో నెల రోజులుగా నిలకడగా ఉండి, నీరు అదుపులో ఉండి, గుండె బలానికి సెలైన్ ద్వారా మందులేవీ అక్కర్లేకపోతే నేరుగా స్లీవ్ చేయవచ్చు. డోబుటమైన్ మీదో మిల్రినోన్ మీదో ఉన్నవాళ్లకు, తరచూ అడ్మిట్ అవుతున్నవాళ్లకు అది ప్రమాదం. వాళ్లకు ముందు గుండెకు తోడుగా రక్తం తోసే ఎల్‌వీఏడీ పంపు పెట్టి, మూత్రపిండాలు, కండలు కోలుకున్నాక స్లీవ్ చేస్తారు. అమెరికాలో కొన్ని సెంటర్లు రెండూ ఒకేసారి చేస్తాయి. పంపు, స్లీవ్, మార్పిడి అని మూడు మెట్లు ఎక్కాల్సివస్తుంది గానీ ఆ మనిషికి అదే భద్రమైన దారి.

ఆపరేషన్ రకం విషయంలో నా మాట గట్టిగానే చెప్తాను: స్లీవ్. కడుపులో ముప్పాతిక వంతు తీసేస్తారు, పేగులను ముట్టుకోరు. రేపు మార్పిడి తర్వాత కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టకుండా జీవితాంతం మింగాల్సిన టాక్రోలిమస్, మైకోఫినోలేట్ పేగుల్లోనే ఇంకాలి. బైపాస్ చేస్తే ఆ ఇంకడం ఎటు పోతుందో చెప్పలేం. మన దగ్గర మినీ బైపాస్ అని బాగా చేస్తున్నారు, బరువు బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ప్రోటీన్ లోపం ఎక్కువ, గుండె రోగికి కండ కరిగితే మార్పిడికి పనికిరాకుండా పోతాడు. తీవ్రమైన పుల్లటి తేన్పులు, అన్నవాహిక కింది భాగం దెబ్బతినడం ఉంటే మాత్రం స్లీవ్ దాన్ని ఎక్కువ చేస్తుంది. అందుకే ముందే ఎండోస్కోపీ తప్పనిసరి.

మత్తు డాక్టర్, విశాఖ

అమ్మా, "మత్తు తట్టుకుంటాడా" అన్న మీ ప్రశ్నకు నేరుగా వస్తాను. నిలకడగా ఉన్న 20 శాతం గుండె మత్తును తట్టుకుంటుంది. ఇబ్బంది పెట్టేవి మూడు: పొట్టలోకి ఎక్కించే గ్యాస్, తల ఎత్తుగా వంచే బల్ల, సెలైన్ లెక్క.

చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాపరోస్కోపీకి పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. మామూలుగా 15 మిల్లీమీటర్ల ఒత్తిడి పెడతారు. వీళ్లకు 10 నుంచి 12 చాలు, అదీ మెల్లగా ఎక్కించాలి. ఆ గ్యాస్ రక్తంలోకి చేరితే ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి, కుడి గుండె మీద బరువు పడుతుంది. స్లీవ్‌కు కడుపు పైభాగం కనపడాలని బల్ల తలవైపు ఎత్తుతారు, రక్తం కాళ్లలోకి జారి బీపీ పడిపోతుంది. ఎల్‌వీఏడీ ఉంటే అదే క్షణంలో పంపు ఖాళీ గదిని పీల్చడం మొదలుపెట్టి ఫ్లో తగ్గిపోతుంది. అప్పుడు గ్యాస్ వదిలి, బల్ల సమం చేసి, మళ్లీ నిదానంగా మొదలుపెట్టాలి. సర్జన్‌కు ఆ ఓపిక ఉండాలి. మామూలు స్లీవ్ రోగికి రెండు లీటర్ల సెలైన్ ధారాళంగా ఎక్కిస్తారు, ఈ గుండెకు అది మోయలేని బరువు. బీపీని, గుండె బలాన్ని నిలిపే నార్‌అడ్రినలిన్, డోబుటమైన్ సిరంజ్ పంపుల్లో నింపి పక్కనే ఉండాలి, చేతి ధమనిలో బీపీ లైను మత్తుకు ముందే పెట్టాలి.

ఏఐసీడీ గురించి. కరెంటు కత్తి వాడేటప్పుడు ఆ మిషన్ దాన్ని గుండె అదురుగా పొరబడి షాక్ ఇవ్వొచ్చు. ప్రోగ్రామర్‌తో షాక్ ఆపేసి, ఒంటి మీద బయటి షాక్ ప్యాడ్లు అంటించి ఉంచుతారు. మ్యాగ్నెట్ పెడితే షాక్ ఆగుతుంది గానీ పేసింగ్ తీరు మారదు, పేసింగ్ మీద ఆధారపడ్డవాళ్లకు అది చాలదు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఆన్ చేశారా అని మీరే అడగండి. మానిటర్ తీసి వార్డుకు పంపేలోపు ఆన్ కావాలి.

థియేటర్‌లో ఇంకొకటి. గుండెను చూడటానికి గొంతులోంచి ఎకో ప్రోబ్ వేస్తాం, స్లీవ్ కొలతకు సర్జన్ అదే దారిలో 36 నుంచి 40 ఫ్రెంచ్ సైజు బూజీ గొట్టం దింపమంటాడు. స్టేప్లర్ బిగించే ముందు బూజీ తప్ప మిగతావి, అంటే ముక్కు గొట్టం, టెంపరేచర్ ప్రోబ్ పూర్తిగా బయటికి, ఎకో ప్రోబ్ పైకి లాగేయాలి. ముక్కు గొట్టం స్టేపుల్స్‌లో ఇరుక్కున్న కేసులు ఉన్నాయి. గట్టిగా పేరు పెట్టి అడిగి, "బయటికి తీశాను" అన్న జవాబు విన్నాకే స్టేప్లర్ కాల్చాలి.

తర్వాతి రోజుల్లో పొరపాటు ఎక్కువగా జరిగేది లీక్ విషయంలో. స్లీవ్ పైకొసన, అన్నవాహిక పక్కన కుట్టు ఊడితే మామూలు రోగికి నాడి 120 దాటుతుంది, అందరూ దాన్నే చూసి పసిగడతారు. మీ తమ్ముడు మెటోప్రొలాల్, అమియోడరోన్ రెండూ వాడుతున్నాడు కాబట్టి అతని నాడి 90 దగ్గరే ఉండిపోవచ్చు. ఎల్‌వీఏడీ రోగికైతే నాడి చేతికే అందదు. అందుకని ఊపిరి వేగం, జ్వరం, ఎడమ భుజం నొప్పి, మూడో రోజు సీఆర్‌పీ, ల్యాక్టేట్ రక్త పరీక్షలు చూడాలి. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా తాగే డైతో సీటీ తీయాలి. లీకులు చాలావరకు ఇంటికి వెళ్లాక, మొదటి రెండు వారాల్లో బయటపడతాయి. "నాడి బాగానే ఉంది, గ్యాస్ నొప్పి" అని పంపేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

రక్తస్రావం రెండోది. వార్ఫరిన్ ఐదు రోజుల ముందు ఆపి, అవసరమైతే హెపారిన్ మీద ఉంచుతారు. ఆపరేషన్ తర్వాత హెపారిన్ మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారిగా పెద్ద డోసు కొట్టరు, నెమ్మదిగా పెంచుతారు. ఆరేసి గంటలకు హిమోగ్లోబిన్ చూడాలి.

కాబట్టి చోటు విషయంలో రాజీ పడకండి. స్లీవ్‌లు రోజుకు నాలుగు చేసే సెంటర్ అయినా, హార్ట్ ఫెయిల్యూర్ టీమ్, కార్డియాక్ మత్తు డాక్టర్, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే మిషన్) ఆ కప్పు కిందే లేకపోతే వద్దు. ఆపరేషన్ రాత్రి మామూలు వార్డు కాదు, కార్డియాక్ ఐసీయూ.

కరీంనగర్ అక్క

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇయన్నీ ఎవ్వరూ చెప్పలే. రెండు మాటలు. ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చినయి గదా, ఆపరేషన్ లేకుండ వాటితోని తగ్గరాదా? ఇంక ఇంటికి వచ్చినంక నీళ్లు ఎన్ని తాగాలె? గుండె డాక్టరు లీటరున్నర దాటొద్దంటడు, బరువు ఆపరేషన్ డాక్టరు లీటరున్నరకు తగ్గొద్దంటడు. ఎవలి మాట వినాలె?

ఫార్మసిస్ట్, వరంగల్

అక్కా, ఇంజెక్షన్ల మాట ముందు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వల్ల గుండె బలం బాగానే ఉన్న ఫెయిల్యూర్ రోగులకు మేలు కనపడింది. ఈఎఫ్ తగ్గిన మీ తమ్ముడి రకం వేరు. అదే జాతికి చెందిన లిరాగ్లూటైడ్‌ను ఈ రకం రోగుల మీద ఫైట్, లైవ్ అనే రెండు ట్రయల్స్‌లో చూస్తే లాభం కనపడలేదు. లైవ్‌లో గుండె వేగం పెరిగింది, గుండెకు సంబంధించిన తీవ్ర ఇబ్బందులూ ఎక్కువయ్యాయి. అంతమాత్రాన పూర్తిగా నిషేధం అని కాదు. ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌లు కొందరికి ఇస్తున్నాయి, ఏఐసీడీ ఉన్నవాళ్లలో అదురులు గమనిస్తూ, డోసు మెల్లగా పెంచుతూ. గుండెకు టైమ్ ఉండి, తగ్గాల్సింది ఏడెనిమిది కిలోలే అయితే ముందు అది ప్రయత్నించడం సబబు. ఇరవై కిలోలు తగ్గాలి, గుండె అంతకాలం వేచి ఉండేలా లేదు అంటే స్లీవ్ వేగం దానికి రాదు. వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ మందు మీద కడుపు ఖాళీ కావడం ఆలస్యం, పరగడుపున ఉన్నా లోపల ఆహారం మిగిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇక మీ మందుల చీటీ చూస్తే నాకు భయం కలిగించేది డాపాగ్లిఫ్లోజిన్. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. పిండిపదార్థం బాగా తగ్గించిన ద్రవాహారం, ఈ మాత్ర కలిస్తే షుగర్ 150, 180 దగ్గరే ఉండగా రక్తం ఆమ్లమవుతుంది. గ్లూకోమీటర్ మామూలుగానే చూపిస్తుంది, మనిషి మాత్రం వాంతులతో, ఎగశ్వాసతో పడిపోతాడు. ద్రవాహారం మొదలుపెట్టిన రోజే ఆపాలా అని గుండె డాక్టరునూ షుగర్ డాక్టరునూ అడిగి రాయించుకోండి. గ్లిమిపిరైడ్ సంగతి కూడా ఆ రోజే తేల్చుకోవాలి. తిండి తగ్గి మాత్ర అలాగే ఉంటే షుగర్ 50కి పడిపోతుంది.

నీళ్ల సంగతికి వస్తే, ఇద్దరు డాక్టర్లూ నిజమే చెప్పారు, కానీ నీరు తీసే టార్సెమైడ్ డోసు మార్చకుండా ఆ రెండు మాటలు పొసగవు. ఆపరేషన్ తర్వాత మొదటి వారం లీటరు తాగడమే గగనం. తాగేది లీటరు, మాత్ర లాగేది రెండు లీటర్లయితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఎల్‌వీఏడీ ఉంటే పంపు పీల్చడం, గడ్డలు. కాబట్టి డిశ్చార్జ్ రోజునే ఒక కాగితం మీద రాయించుకోండి: పొడి బరువు ఇంత, దీనికి ఇంత కిందికి పోతే టార్సెమైడ్ సగం, ఇంకా పోతే ఆపి ఫోన్ చేయాలి, ఇంత పైకి పోతే పాత డోసు. స్పైరోనోలాక్టోన్, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ కలిసి పొటాషియం పెంచుతాయి. కిడ్నీ కాస్త మందగిస్తే ఇంకా పెరుగుతుంది. క్రియాటినిన్, పొటాషియం మూడో రోజు, ఏడో రోజు, తర్వాత వారం వారం చూడాలి. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగుతుంది, డోసులన్నీ నెలకోసారి సరిచూడాల్సిందే.

వార్ఫరిన్: తిండి తగ్గితే కె విటమిన్ తగ్గుతుంది, అమియోడరోన్ ఎలాగూ దాని బలం పెంచుతుంది. పాత డోసే వేస్తే ఐఎన్‌ఆర్ (రక్తం పల్చదనం కొలత) 5, 6కి ఎగబాకుతుంది. మొదటి నెల వారానికి రెండుసార్లు చూడండి. నొప్పికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, బ్రూఫెన్ ముట్టకూడదు, అటు కుట్టుకూ ఇటు కిడ్నీకీ గుండెకూ చేటు. వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ అమియోడరోన్‌తో కలిస్తే ఈసీజీలో క్యూటీ (ఒక్కో దెబ్బకు గుండె తేరుకోవడానికి పట్టే సమయం) పొడుగవుతుంది, ఈసీజీ చూసి ఇవ్వాలి. మెటోప్రొలాల్ సక్సినేట్‌ను నూరి ఇవ్వొద్దు. అది మెల్లగా విడుదలయ్యే మాత్ర, నూరితే రోజంతటి మందు ఒక్కసారే ఎక్కుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా బి1, అంటే థయామిన్. లాసిక్స్ జాతి మందులు దాన్ని మూత్రంలో పోగొడతాయి, స్లీవ్ తర్వాత తిండీ తక్కువే. రోజుకు 100 మిల్లీగ్రాములు వేయాలి. ఇప్పుడు జరిగేది ఊహించండి: మూడు రోజులుగా వాంతులు, రాత్రి పదింటికి దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్తారు, "నీరసంగా ఉన్నాడు" అని గ్లూకోజ్ బాటిల్ వేలాడదీస్తారు. థయామిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ పోతే మిగిలిన కాస్త థయామిన్ కూడా ఖర్చయిపోయి కళ్లు తేలేయడం, తూలడం, మతి తప్పడం మొదలవుతాయి. కొన్ని గంటల్లో మెదడు దెబ్బ శాశ్వతం కావచ్చు. బి1 లోపం గుండెను కూడా ఇంకా బలహీనం చేస్తుంది. ముందు నరానికి థయామిన్, ఆ తర్వాతే గ్లూకోజ్. బాటిల్ కూడా గబగబా కాదు, గుండె రోగి అని చెప్పి నిదానంగా.

డైటీషియన్, విజయవాడ

ఫార్మసిస్ట్ గారు చెప్పిన కాగితం నిజంగా చేయించండి. నేను వంటింటి సంగతి చెప్తాను.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 క్యాలరీల ఆహారం పెడతారు. కొవ్వు పట్టిన కాలేయం చిన్నదైతేనే దాని కింద కడుపు సర్జన్‌కు కనపడుతుంది. ఆ రెండు వారాల్లో తగ్గేది చాలావరకు నీరే, ఆ అంకె చూసి మురిసిపోవద్దు.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు ద్రవాలే. పసిపిల్లకు ఉగ్గుగిన్నెతో పట్టినట్టు పట్టాలి: రెండు టేబుల్ స్పూన్లు, అంటే 30 మిల్లీలీటర్లు, పావుగంటలో. గడియారం పెట్టుకోండి. గటగటా తాగితే వాంతి, వాంతితో కుట్టు మీద ఒత్తిడి. రోజుకు ప్రోటీన్ 60 నుంచి 80 గ్రాములు కావాలి. రెండు స్కూపుల వే ప్రోటీన్ 400 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే సుమారు 48 గ్రాములు, వెన్న తీసిన పాలు 300 మిల్లీలీటర్లలో 10, పల్చటి మజ్జిగ 200 మిల్లీలీటర్లలో మూడు నాలుగు, వడగట్టిన పెసరకట్టు ఒక గ్లాసులో నాలుగైదు. మొత్తం 65 దాటుతుంది. వీటికి తోడు 300 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే మొత్తం ద్రవం లీటరున్నర లోపే ఉంటుంది. పాలు, మజ్జిగ, కట్టు అన్నీ నీళ్ల లెక్కలోవే. అవి వేరు, నీళ్లు వేరు అనుకోవడం వల్లే కాళ్ల వాపు మళ్లీ వస్తుంది.

మూడు, నాలుగు వారాలు మెత్తగా రుబ్బినవి: ముద్దపప్పు పల్చన చేసి, మెదిపిన పనీర్, గుడ్డు తెల్లసొన. ఐదు, ఆరు వారాలు మెత్తటి ముక్కలు: ఆవిరి మీద ఉడికించిన చేప, బాగా ఉడికిన చికెన్ కీమా. ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటు మిగిలితేనే అన్నం. అన్నం ముద్ద సన్నటి కడుపులో బంకలా ఇరుక్కుంటుంది, చాలామందికి మొదటి వాంతి దానితోనే. రాగి జావ మంచిదే గానీ పొట్ట నింపేసి ప్రోటీన్‌కు చోటు లేకుండా చేస్తుంది, రోజూ వద్దు.

చుట్టాలు చేసే ప్రేమ గురించి ఒక మాట. చూడటానికి వచ్చేవాళ్లంతా కొబ్బరి బొండాలు తెస్తారు. మీ తమ్ముడు వాడే మందులతో అవి ప్రమాదం, కొబ్బరి నీళ్ల నిండా పొటాషియమే. పళ్లరసాలూ అంతే. ఉప్పు తక్కువ కావాలని "లో సోడియం సాల్ట్" కొనొద్దు, అందులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామూలు ఉప్పే రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు. ఆవకాయ, అప్పడం, వడియాలు, ప్యాకెట్ సూపులు ఆ లెక్కను ఒక్క పూటలో తినేస్తాయి. చారు చేస్తే ఉప్పు లేకుండా చేసి నిమ్మరసం పిండండి.

ఆకుకూరలు మానక్కర్లేదు. ఒకరోజు గోంగూర పప్పు, మరుసటి వారమంతా ఏమీ లేకపోతేనే ఐఎన్‌ఆర్ ఊగుతుంది. మెత్తటి ఆహారం మొదలయ్యాక తోటకూరైనా పాలకూరైనా వారంలో అవే రోజులు, అదే కొలత.

మల్టీవిటమిన్, బి12, డి, ఐరన్, కాల్షియం సిట్రేట్ జీవితాంతం. కాల్షియం, ఐరన్ రెండు గంటల ఎడంతో వేయండి, కలిపి వేస్తే ఐరన్ ఇంకదు. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడతాయి, ఆరు నెలలు అర్సోడియోల్ ఇస్తారు. వద్దనకండి. మార్పిడి తర్వాత పిత్తాశయం వాస్తే ఆ ఇన్ఫెక్షన్‌ను భరించడం చాలా కష్టం.

క్లెయిమ్ డెస్క్, గుంటూరు

డబ్బు గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పకపోతే నష్టం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనల్లో స్థూలకాయం ఆపరేషన్ మినహాయింపుల జాబితాలో ఉంది, కోడ్ ఎక్స్‌క్ల్ 06. కానీ షరతులు తీరితే ఇవ్వాలి: డాక్టరు సలహా, వైద్య ప్రోటోకాల్ ఆధారం, 18 ఏళ్లు దాటి ఉండటం, బీఎంఐ 40 లేదా పైన. లేదంటే 35 లేదా పైన ఉండి, ఇతర పద్ధతులు పనిచేయక, వీటిలో ఒకటి ఉండాలి: స్థూలకాయం వల్ల వచ్చిన కార్డియోమయోపతి, కరోనరీ గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్.

ఇక్కడే మీకు చిక్కు. ఇవాళ బీఎంఐ 41.8, నీరు తీశాక 39.7. మొదటి షరతు జారిపోతుంది, నీళ్ల బరువు చూపించి క్లెయిమ్ పెట్టడం సరికాదు, ఫైలులో బయటపడుతుంది కూడా. రెండో షరతు మీద వెళ్లండి. స్లీప్ స్టడీ రిపోర్టులో ఏహెచ్‌ఐ (గంటకు ఊపిరి ఆగిన, తగ్గిన లెక్క) 30 లేదా పైన ఉంటే "తీవ్రం" అని అక్షరాలా రాయించండి. మూడు నెలల షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టులు వరసగా పెట్టండి. డైటీషియన్ దగ్గర బరువు తగ్గడానికి ప్రయత్నించిన తేదీల కాగితాలు పెట్టండి. ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ లెటర్‌లో "మార్పిడికి అర్హత కోసం అవసరం" అని ఉండాలి. పాలసీ వెయిటింగ్ పీరియడ్ చూసుకోండి, ముందస్తు అనుమతి రాకుండా అడ్మిట్ కావొద్దు.

ట్రాన్స్‌ప్లాంట్ నర్స్, హ్యూస్టన్

ఇంకొన్ని మిగిలాయి అక్కా. స్లీవ్‌తో ఏడాదికి మామూలుగా ఒంటి బరువులో నాలుగో వంతు తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే. 112 నుంచి 98.8కి అంటే 12 శాతం, అంత దూరం కాదు. ఆ నెలలు ఖాళీగా పోనివ్వొద్దు. పంటి పరీక్ష, టీకాలు, హెపటైటిస్ పరీక్షలు, యాంటీబాడీల పీఆర్‌ఏ పరీక్ష ఈలోపే పూర్తి చేయించండి. అలా చేస్తే 35కి దిగిన వారమే పేరు ఎక్కుతుంది. పీఆర్‌ఏ మాట వచ్చింది కాబట్టి, అవసరం లేకుండా రక్తం ఎక్కించనివ్వొద్దు. వేరేవాళ్ల రక్తంతో యాంటీబాడీలు పెరిగితే సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. తప్పనిసరైతే తెల్లకణాలు తీసిన రక్తం అడగండి.

తూకం రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, తినకముందు, అదే మిషన్ మీద. రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే అది నీరు. రోజుకో కిలో చొప్పున పడిపోతూ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే అది కొవ్వు కరగడం కాదు, ఒళ్లు ఎండుతోందని. బరువుతో పాటు ఆరు నిమిషాల నడక దూరం, చేతి పట్టు కూడా నెలనెలా రాయండి. కిలోలు తగ్గి నడక కూడా తగ్గితే కండ పోతోంది, ప్రోటీన్ సరిచూడాలి.

కొందరికి బరువు తగ్గాక ఈఎఫ్ పెరిగి మార్పిడి అవసరమే వాయిదా పడింది. అందరికీ అవుతుందని కాదు. మూడో నెల, ఆరో నెల ఎకో తీయించండి. మధ్యలో గుండె దిగజారితే 35 కోసం ఆగరు, ఎల్‌వీఏడీ గురించి అప్పుడే మాట్లాడాలి. ఆ మాట ఆపరేషన్‌కు ముందే అడిగి ఉంచుకోండి.

మార్పిడి అయ్యాక, ఆ టీమ్‌కు స్లీవ్ సంగతి గుర్తుచేయండి. కడుపు మంటకు వాడే పాంటోప్రజోల్ మైకోఫినోలేట్ మోఫెటిల్ ఇంకడాన్ని తగ్గిస్తుంది, మైకోఫినోలేట్ సోడియం రకానికి ఆ ఇబ్బంది తక్కువ.

కరీంనగర్ అక్క

అందరికీ చేతులెత్తి దండం. రాత్రిపూట వేరే దవాఖానకు తీసుకపోవాల్సి వస్తే ఏం చూపెట్టాలె? ఫైలు మొత్తం మోసుకపోతమా?

మత్తు డాక్టర్, విశాఖ

ఫైలు వద్దమ్మా. పోస్టుకార్డంత అట్ట చాలు, ల్యామినేట్ చేయించి అతని జేబులో ఒకటి, మీ ఫోన్ కవర్‌లో ఒకటి. పైన ఎర్ర అక్షరాల్లో: గుండె ఈఎఫ్ 20, స్లీవ్ అయిన తేదీ, ఏఐసీడీ ఉంది. కింద నాలుగు వరసలు. థయామిన్ ఇచ్చాకే గ్లూకోజ్. సెలైన్ నెమ్మదిగా. ముక్కు గొట్టం గుడ్డిగా వేయొద్దు, కుట్టు చిరుగుతుంది. నాడి మామూలుగా ఉన్నా లీక్ కావచ్చు, సీటీ తీయండి. వెనకవైపు మందుల డోసులు, చివరి ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, పొడి బరువు, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ నంబర్. డోసు మారినప్పుడల్లా కొత్త అట్ట చేయించండి, పాతది చించేయండి.